అడిగిన పుస్తకం, ఇచ్చిన పుస్తకం

బడులకు వేసవి సెలవులు ఇచ్చే రోజుల్లో, ఆదివార పూజ ముగిశాక గుడి ఆవరణలో ఎవరో ఒకరు నన్ను ఆపి అడుగుతుంటారు. “మాస్టారూ, నాలుగు రోజులు సముద్రం ఒడ్డుకు వెళ్తున్నాం. ఏదైనా పుస్తకం చెప్పండి. బరువైనది వద్దండీ, హాయిగా చదువుకునేది చెప్పండి” అని.

విచారణ గ్రంథాలయం అని మేము గొప్పగా పిలుచుకునే ఒక ఇనుప బీరువా తాళంచెవి చాలా ఏళ్లు నా దగ్గర ఉండేది. అందుకే ఈ ప్రశ్న నా దాకా వస్తుంది. ఇంగ్లీషు పత్రికలైతే ఏటా వేసవిలో సముద్రతీరాన చదువుకునే పుస్తకాలంటూ జాబితాలే వేస్తాయి. మనకు ఆ అలవాటు తక్కువ. మే నెల ఎండలో ఇసుక మీద పడుకుని పుస్తకం చదివే ధైర్యం మనలో ఎవరికుంది? మనం సాయంత్రం అలల దగ్గరికి వెళ్లి కాళ్లు తడుపుకుంటాం, మిరపకాయ బజ్జీలు తింటాం, చీకటి పడకముందే పిల్లల్ని లెక్కపెట్టుకుని వెనక్కి వస్తాం. పుస్తకం చదివేది మధ్యాహ్నం భోజనాలయ్యాక, సరుగుడు చెట్ల నీడలోనో, బస చేసిన గదిలో ఫ్యాను కిందనో. అయినా అడిగేది మాత్రం అదే. మనసుకు విశ్రాంతినిచ్చే పుస్తకం.

చిన్న ప్రశ్నే. పెళ్లి సంబంధం గురించో, ఆస్తి పంపకం గురించో అడిగితే ఆలోచించినట్టు దీనికెవరూ ఆలోచించరు. నేనూ ఆలోచించేవాణ్ణి కాదు. కానీ ఈ చిన్న ప్రశ్నకే తప్పు జవాబు చెప్పి ఒక మనిషిని నొప్పించాను. ముందు ఆ సంగతి చెప్పుకోవాలి.

మా పినతండ్రిగారి అమ్మాయి తన అత్తగారికి మూడేళ్లు సేవ చేసింది. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయిన మనిషి ఆవిడ. మాట కూడా పోయింది. పొద్దున ఒళ్లు తుడవడం మొదలు రాత్రి పక్క మార్చడం దాకా అన్నీ కోడలి చేతుల మీదుగానే జరిగాయి. అత్తగారు పోయిన తరువాత వచ్చిన వేసవిలో, భర్త బలవంతం మీద, పిల్లలతో కలిసి పేరుపాలెం వెళ్లడానికి ఒప్పుకుంది. పశ్చిమ గోదావరి జిల్లాలో, మొగల్తూరు దగ్గరి సముద్రతీరం అది. అక్కడ వేళాంగణి మాత గుడి ఉంది. మాతను దర్శించుకున్నట్టూ ఉంటుంది, నాలుగు రోజులు గాలి మార్పూ ఉంటుంది అనుకున్నారు.

బయలుదేరే ముందు మా ఇంటికి వచ్చి, “అన్నయ్యా, ఏదైనా తేలిక పుస్తకం ఉంటే ఇవ్వు. నవ్వుకునేదైతే మరీ మంచిది. నవ్వి చాలా రోజులైంది” అంది.

నా అలమరలో భానుమతీ రామకృష్ణ గారి ‘అత్తగారి కథలు’ ఉంది. నా చెయ్యి దాని మీదికి వెళ్లింది కూడా. అంతలోనే ఆగింది. అత్తగారు పోయి ఏడాది తిరగలేదు, అత్తగారి మీద హాస్యకథలు ఇవ్వడమా? నలుగురూ ఏమనుకుంటారు? అసలు దుఃఖంలో ఉన్న మనిషికి కావలసింది నవ్వా? ఇలా అనుకుని, శ్రమలను ఓర్చుకోవడం గురించిన ఒక ధ్యాన గ్రంథం తీసి ఇచ్చాను. మంచి గ్రంథమే. నాలుగు వందల పుటలు. “ఇది చదువమ్మా, నీకు బలం వస్తుంది” అని చిన్న ప్రసంగం కూడా చేశాను.

వారం తరువాత తెచ్చి ఇచ్చింది. నేను వేసిన కాగితం అట్ట నలగలేదు. మొదటి రెండు మూడు పుటల మధ్య కాస్త ఇసుక ఉంది. “మంచి పుస్తకం అన్నయ్యా” అంది. ఆ తరువాత చాలా ఏళ్లు నన్ను పుస్తకం అడగలేదు.

ఇందులో నేను చేసిన తప్పేమిటి? చెడ్డ పుస్తకం ఇవ్వలేదు. ఆమె కీడు కోరలేదు. అయినా తప్పే. ఆమె అడిగింది ఒకటి, నేను ఇచ్చింది ఇంకొకటి. పైగా, అడిగినదానికన్నా గొప్పది ఇచ్చానని సంతోషపడ్డాను. రొట్టె అడిగిన బిడ్డ, రాయి ఇచ్చే తండ్రి – ఆ సువార్త మాట మనందరికీ తెలిసిందే. ఆ రాయి చలువరాయి అయినంత మాత్రాన బిడ్డ ఆకలి తీరుతుందా?

మీరు వెంటనే అడగవచ్చు. “అయితే ఎవరు ఏది అడిగితే అది ఇచ్చేయడమేనా? అలాగైతే దుకాణదారుకీ తోబుట్టువుకీ తేడా ఏముంది? ఎదుటివాడి మేలు చూడవద్దా?” చూడాలి. కానీ విశ్రాంతి కూడా మేలే అన్న సంగతి మనం ముందు ఒప్పుకోవాలి. అక్కడే మనకు పేచీ.

మన ఇళ్లలో చూడండి. వేసవిలో పిల్లవాడు కథల పుస్తకం పట్టుకుంటే, “అదేదో పరీక్షకు పనికొచ్చేది చదవరాదూ” అంటాం. గృహిణి మధ్యాహ్నం నవల పట్టుకుంటే పనిలేక చదువుతోందంటాం. వాళ్లే గంటసేపు ఫోను చూస్తూ కూర్చుంటే ఒక్క మాట అనం. పుస్తకం అనేసరికి మాత్రం అది ఏదో ఒకటి నేర్పి తీరాలని పట్టుపడతాం.

పదమూడవ శతాబ్దిలో పునీత తోమాస్ అక్వినాస్ వారు ఈ సంగతిని తమ ‘సుమ్మా’ గ్రంథంలోనే చర్చించారు. రెండవ భాగపు రెండవ విభాగంలో 168వ ప్రశ్న అది. శరీరం అలసినట్టే మనసూ అలసిపోతుందని, శరీరానికి విశ్రాంతి ఎలాగో మనసుకు ఆట, వినోదం అలాగని ఆయన వివరించారు. అక్కడ పునీత యోహాను గురించి ఒక పాత కథ కూడా చెప్పారు. యోహాను తన శిష్యులతో ఆడుకుంటుండగా చూసి కొందరు నొచ్చుకున్నారట. వారిలో ఒకని చేతిలో విల్లు ఉంది. బాణం వేయమన్నారు యోహాను. మళ్లీ మళ్లీ వేయించి, ఇలా ఆపకుండా వేస్తూనే ఉండగలవా అని అడిగారు. అలా చేస్తే విల్లు విరిగిపోతుందన్నాడతడు. మనిషి మనసూ అంతేనని యోహాను బదులు చెప్పారట. అక్వినాస్ వారు అంతటితో ఆగలేదు. వినోదంలో హద్దు మీరడం దోషమని చెప్పి, ఆ వెంటనే, తాను నవ్వక ఇతరుల నవ్వుకు అడ్డుపడే మనిషిలో కూడా దోషముందన్నారు. ఈ రెండో మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా చెల్లెలి నవ్వుకు అడ్డుపడింది నేనే కదా!

దీనికి ఎదురు చెప్పడానికి పునీత ఇగ్నేషియస్ లొయోలా వారి కథ ఉండనే ఉంది. 1521లో పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. లొయోలాలోని సొంత ఇంట్లో మంచం మీద ఉండగా, కాలక్షేపానికి వీరుల సాహసగాథలు కావాలని అడిగారు. వాటికి బదులు క్రీస్తు జీవిత చరిత్ర, పునీతుల చరిత్రలు చేతికి వచ్చాయి. ఆ రెండు పుస్తకాలే ఆయన జీవితాన్ని మార్చివేశాయి. అడిగినవి దొరికి ఉంటే యేసు సభ పుట్టేదా అని మనం అంటాం. చాలాకాలం నేను ఈ కథతోనే నన్ను నేను సమర్థించుకున్నాను.

తరువాత ఆ కథను మళ్లీ నిదానంగా చదివాను. సాహసగాథలు ఇవ్వనని ఆయనతో ఎవరూ అనలేదు. ఆ ఇంట్లో అవి లేవు, అంతే. ఉన్న పుస్తకాలు ఇచ్చారు. ఇది చదివితే బాగుపడతావని తలాపున కూర్చుని ఎవరూ బోధించలేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. మంచం మీద ఆయన మనసు కొంతసేపు రాచకార్యాల కలల్లో, కొంతసేపు పునీతుల ఆలోచనల్లో తిరిగేది. మొదటివి తియ్యగానే ఉండేవి గాని, అయిపోయాక మనసు ఎండిపోయినట్టు ఉండేది. రెండోవి అయిపోయాక కూడా సంతోషం నిలిచి ఉండేది. ఈ తేడాను ఆయన తనంతట తానే గమనించారు. ఆత్మల వివేచన గురించి తరువాత ఆయన నేర్పినదానికి మొదలు అదే. అంటే, పుస్తకం గురించి అడగవలసిన ప్రశ్న అది బరువైనదా, తేలికైనదా అని కాదు. మూసిన తరువాత మనలో ఏం మిగిల్చింది అన్నది.

పునీత అవిలా తెరేజమ్మ వారి చిన్నతనం ఇంకొక పాఠం చెబుతుంది. ఆమె తల్లికి వీరగాథలంటే ఇష్టం. తండ్రికి గిట్టదు. ఆయన కంటపడకుండా తల్లీ పిల్లలూ చదువుకునేవారు. ఆ చదువు తనకు చేటు చేసిందని తెరేజమ్మ తన జీవిత కథలో ఒప్పుకున్నారు. రాత్రీ పగలూ అదే ధ్యాస అయిపోయిందట. కానీ తల్లిని మాత్రం ఆమె నిందించలేదు. తన పెద్ద కష్టాలను కాసేపు మరవడానికి, పిల్లలు వేరే దారి పట్టకుండా చూడడానికి తల్లి అలా చదివి ఉంటుందని రాశారు. చూడండి, ఒకే రకం పుస్తకాలు. తల్లికి ఊరట, కూతురికి చేటు. ఒక పుస్తకం అందరికీ మంచిదనో, అందరికీ చెడ్డదనో తీర్పు చెప్పడం ఎంత కష్టమో!

ఒకప్పుడు తిరుసభ చదవకూడని పుస్తకాల పట్టికను ఉంచింది. నాలుగవ పౌలు పోపుగారి కాలంలో, 1559లో వెలువడిన ఆ పట్టిక అనేక మార్పులతో నాలుగు వందల ఏళ్లు నడిచింది. 1966లో దానికి చట్టబలం తీసివేశారు. అంతరాత్మ బాధ్యత మాత్రం తీసివేయలేదు. పట్టిక మోసిన బరువు అప్పటినుంచి మన మీద పడిందన్నమాట. పుస్తకం చదివేవాడి మీదా, చదవమని చెప్పేవాడి మీదా.

అందువల్ల నేను తేలిక పుస్తకాలన్నిటికీ వత్తాసు పలకడం లేదు. తేలిక వేరు, చవకబారుతనం వేరు. మనిషి రంగును, యాసను, కులాన్ని, అంగవైకల్యాన్ని చూపించి నవ్వించే పుస్తకాలున్నాయి. స్త్రీని వస్తువుగా చేసి పుట తిప్పించే పుస్తకాలున్నాయి. పగ తీర్చుకోవడమే మగతనమని రుచి మరిగించేవీ ఉన్నాయి. అవీ హాయిగానే సాగిపోతాయి, పట్టుకుంటే వదలబుద్ధి కాదు. వాటిని పట్టడానికి నా దగ్గర ఉన్న కొలబద్ద ఒక్కటే. పుస్తకం మూసి తల ఎత్తినప్పుడు, పక్కన ఉన్న మనిషి మనకు ముందుకన్నా దగ్గరగా కనిపిస్తున్నాడా, చులకనగా కనిపిస్తున్నాడా? దగ్గరైతే అది ఎంత తేలికైనా మంచి పుస్తకం. చులకనైతే అది ఎంత పెద్ద రచయితదైనా మనకు పనికిరాదు.

ఈ కొలబద్ద నాకు ఎక్కడ దొరికిందో చెబుతాను. ఆ వేసవి గడిచిన చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో మా చెల్లెలు నా పక్కన కూర్చుని మాటల మధ్య అంది. “అన్నయ్యా, మా పక్కింటివాళ్ల దగ్గర ‘అత్తగారి కథలు’ చదివాను. నీ దగ్గరుందా?” నేను తల దించుకున్నాను. ఆమె నా ముఖం చూడకుండానే చెప్పుకుపోయింది. “మూడేళ్లు మంచం మీద చూసి చూసి, మా అత్తగారంటే ఆ మంచమే గుర్తొచ్చేది. మందుల వాసనే గుర్తొచ్చేది. ఆ పుస్తకంలో ఆవిడ కోడలి మీద చేసే పెత్తనం, ఆ అమాయకత్వం చదువుతుంటే, మా అత్తగారు నడిచి తిరిగే రోజుల్లో వంటింట్లో నన్ను సాధించిన సాధింపులన్నీ గుర్తొచ్చాయి. ఎంత నవ్వానో! తరువాత ఎంత ఏడ్చానో! ఆవిడ మళ్లీ లేచి ఇంట్లో తిరిగినట్టే అయింది.”

శ్రమల మీద నేనిచ్చిన నాలుగు వందల పుటలు చేయలేని పని ఆ హాస్యకథలు చేశాయి. ఆ గ్రంథం తప్పు కాదు. ఇంకొకరికి, ఇంకొక వేళలో అదే ప్రాణం పోసి ఉండేదేమో. నేను పుస్తకాన్ని చూశాను గాని, నా ఎదుట నిలబడిన మనిషిని చూడలేదు. దుఃఖంలో ఉన్నవారికి దుఃఖం గురించే చెప్పాలనుకున్నాను. ఆమె దుఃఖం ఆమెకు బాగానే తెలుసు. ఆమెకు తెలియకుండా పోయింది తన అత్తగారి నవ్వు ముఖం.

అప్పటినుంచి నన్నెవరైనా పుస్తకం అడిగితే ముందు నేనే రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. ఎవరెవరు వెళ్తున్నారు? ఈ ఏడాది ఎలా గడిచింది? జవాబు విన్నాకే పుస్తకం పేరు చెబుతాను. మచ్చుకు కొన్ని ఇక్కడ చెబుతాను. ఇది జాబితా అనుకోకండి.

ఇంట్లో కుర్రవాడు చదువుకో ఉద్యోగానికో విదేశం వెళ్లబోతున్నాడా? మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ సంచిలో పెట్టండి. దీని మొదటి భాగం 1924లోనే వచ్చింది. కథానాయకుడిది ఆ మొగల్తూరే. పేరుపాలెం వెళ్లేవారు అతని ఊరి మీదుగా వెళ్లి, అతని కథను ఆ పక్క సముద్రం ఒడ్డునే చదువుకోవచ్చు. ఇంట్లో చెప్పకుండా బారిస్టరు చదువుకు ఇంగ్లండు బయలుదేరి, ఆడవాళ్ల టోపీ అని తెలియక కొని నెత్తిన పెట్టుకున్న ఆ అమాయకుణ్ణి చూసి పడి పడి నవ్వుతాం. కానీ ఆ కథను చెప్పేది పార్వతీశమే. తన తెలివితక్కువతనాన్ని తానే చెప్పి నవ్వించగల మనిషిని చులకన చేయడం ఎవరి తరం? పరాయి దేశంలో తడబడబోయే కుర్రవాడికి ఇంతకన్నా మంచి తోడు ఉండదు.

తాతలూ మనవలూ కలిసి వెళ్తుంటే, ముళ్లపూడి వెంకటరమణ గారి ‘బుడుగు’. బాపు గారి బొమ్మలతో సహా. దీన్ని ఎవరికి వారు చదువుకోవద్దు. ఒకరు పైకి చదవాలి, మిగిలినవారు వినాలి. పిల్లవాడి కంటితో పెద్దవాళ్లు ఎలా కనిపిస్తారో తెలుసుకోవడం పెద్దవాళ్లకు మంచి ఆత్మపరిశోధన.

ఇంగ్లీషు చదివే కాలేజీ పిల్లలు డిటెక్టివ్ కథలు కావాలంటే చెస్టర్టన్ గారి ఫాదర్ బ్రౌన్ కథలు ఇవ్వండి. మొదటి సంపుటి 1911లో వచ్చింది. రచయిత కతోలిక సభలో చేరింది 1922లో. తనకు మిత్రుడైన జాన్ ఓకానర్ అనే గురువును చూసి ఆయన ఈ పాత్రను కల్పించారు. గొడుగు ఎక్కడ పెట్టానో మరిచిపోయే ఆ పొట్టి ఫాదరు నేరస్థులను ఎలా పట్టుకుంటాడంటే, పాపసంకీర్తనాలు వినీ వినీ మనిషి గుండెలో ఏముంటుందో తెలిసినవాడు కనుక. పట్టుకున్న దొంగను ఆయన వదులుకోడు. ఫ్లాంబో అనే గజదొంగ చివరికి ఆయనకు స్నేహితుడే అవుతాడు.

అన్నదమ్ములు ఎన్నికల్లో చెరొక పార్టీ పట్టి మాటలు మానేశారా? ఇటలీ రచయిత గ్వారెస్కి 1948లో పుస్తకంగా తెచ్చిన డాన్ కమిల్లో కథలు ఇంగ్లీషులో దొరుకుతాయి. ఒక పల్లెటూరి ఫాదరుకీ, ఆ ఊరి కమ్యూనిస్టు మేయరుకీ మధ్య నిత్యం యుద్ధమే. ఒకరిని విడిచి ఒకరు ఉండలేరు. ఫాదరు హద్దు మీరినప్పుడల్లా గుడిలోని సిలువ మీదినుంచి ప్రభువు మందలిస్తాడు. ఎర్రజెండా, గుడిగంట రెండూ ఎరిగిన మన పల్లెలకు ఈ కథలు పరాయివిగా తోచవు.

2025 ఏప్రిల్‌లో ప్రభువునందు నిద్రించిన ఫ్రాన్సిస్ పోపుగారు, అంతకు ముందు ఏడాది జులైలో సాహిత్య పఠనం గురించి ఒక లేఖ రాశారు. సెలవుల విసుగులో, వేసవి ఉక్కలో దొరికిన ఒక మంచి పుస్తకం ఎడారిలో నీటి చెలమ వంటిదని అందులో అన్నారు. తన సంగతి కూడా ఒకటి చెప్పుకున్నారు. 1964, 1965 సంవత్సరాల్లో ఆయన అర్జెంటీనాలోని శాంతా ఫేలో యేసు సభవారి బడిలో సాహిత్యం బోధించేవారు. పాఠ్యప్రణాళికలో ‘ఎల్ సిద్’ అనే పాత వీరకావ్యం ఉంది. పిల్లలకు అది పట్టలేదు. లోర్కా కావాలన్నారు. ఆయన గద్దించలేదు. పాత కావ్యం ఇంటి దగ్గర చదవమని, తరగతిలో వాళ్లకు నచ్చిన రచయితలనే తీసుకున్నారు. అలా చదువుతూ చదువుతూ పిల్లలు మిగిలిన సాహిత్యానికీ రుచి మరిగారట. అడిగినది ఇచ్చి, ఇవ్వదలచినది కూడా ఇవ్వగలగడం అంటే ఇదే. ఆ ఓర్పు నాకు లేకపోయింది.

అలసి వచ్చిన శిష్యులను ప్రభువు కాసేపు విశ్రమించమని ఏకాంత స్థలానికి తీసుకువెళ్లాడు. అక్కడ కూడా జనం వచ్చిపడ్డారు, అది వేరే సంగతి. కానీ విశ్రాంతి కావాలన్న కోరికను ఆయన తప్పుపట్టలేదు. ఈ వేసవిలో మీ ఇంట్లోనో, మీ విచారణలోనో ఎవరైనా మిమ్మల్ని ఒక తేలిక పుస్తకం అడిగితే, వారిని బాగుచేయడానికి దొరికిన అవకాశంగా దాన్ని చూడకండి. నా అలసట సంగతి నీకు తెలియాలి అని వారు మీతో చెబుతున్నారు. ముందు అది వినండి. పుస్తకం సంగతి తరువాత.

మా చెల్లెలికి ఇప్పుడు మనవలు. మొన్న వచ్చి, పిల్లల్ని తీసుకుని మళ్లీ పేరుపాలెం వెళ్తున్నామని చెప్పింది. ఈసారి ఆమె అడగకముందే నేను అడిగాను. “నీకు ఏ పుస్తకం కావాలమ్మా?”

ఒక్క క్షణం ఆలోచించి, “నువ్వు చదివి నవ్విన పుస్తకం ఇవ్వు అన్నయ్యా” అంది.

అలమర తెరిచి అట్ట నలిగినదాన్ని తీసి ఇచ్చాను. ఈసారి ప్రసంగం చేయలేదు.